దోసిట్లో పడిన పన్నెండు వరుసలు

గోళ్లు ఎందుకు చూసుకుంటున్నాను, పదివేళ్లూ ముందుకు చాపి కిటికీ వెలుతురుకి పెట్టి, ఇది స్నానమందిరం కాదు, ఇవాళ నేను ఎవర్నీ నీళ్లలోకి దించటం లేదు, అలవాటు, పదమూడేళ్ల అలవాటు, పెళ్లికూతుళ్ల గోళ్ల కింద మట్టి లేదు కదా, ఊడిన వెంట్రుక భుజానికి అంటుకుని లేదు కదా, ఒంటికీ నీటికీ మధ్య నూలుపోగు అడ్డం ఉన్నా పెళ్లికి ముందు వేసే శుద్ధిమునక చెల్లదు కదా, అని వెతికీ వెతికీ ఇప్పుడు నా కళ్లకు మనుషుల ముఖాలకన్నా ముందు గోళ్లే కనిపిస్తాయి, ఎదురుగా పొడుగుబల్ల వెనక తీర్పు చెప్పటానికి కూర్చున్న ముగ్గురు మతపెద్దలు, రబ్బీల్లో నడిమాయనవి శుభ్రంగా ఉన్నాయి, బల్ల చివర లేఖకుడి చూపుడువేలికి సిరా ఉంది, గోడవార నిలబడ్డ నిస్సింవి కొరికీ కొరికీ చర్మం దాకా పోయాయి, అతనికి గోళ్లు కొరికే అలవాటు లేదే, ఎప్పుడు మొదలయిందో, నాకెందుకు, పదమూడేళ్లుగా మేమిద్దరం ఒక బల్ల దగ్గర తిన్నది లేదు, ఒక కప్పు కింద పడుకున్నది లేదు, అయినా మోషే ధర్మం ప్రకారం ఈ క్షణానికి కూడా నేను అతని భార్యనే, అతను తన నోటితో ఒప్పుకుని తన చేత్తో విడాకుల కాగితం, పరిత్యాగ పత్రం, ఇచ్చేదాకా అతని భార్యనే, ఇవ్వనంటే మట్టిలో కలిసేదాకా, అలా మిగిలిపోయిన మనిషిని మావాళ్లు లంగరు వేసిన ఆడది అంటారు, ఓడ మునగదు, కదలదు, ఏ తీరమూ చేరదు.

నీ పేరేంటమ్మా అని నడిమి రబ్బీ అడిగితే జోహారా అన్నాను, ఇంకా ఏమని పిలుస్తారు, మీ అమ్మ, బళ్లో పిల్లలు, వీధిలోవాళ్లు, ఏదీ దాచకుండా చెప్పు, పత్రంలో ఒక్క పేరు తప్పినా రేపు ఎవడో ఒకడు లేచి ఈ కాగితం ఈమెది కాదంటాడు, అన్నారాయన, నేను నోరు తెరిచేలోపే నిస్సిం, జోహారా అంతేనండీ, దానికి వేరే పేరేం లేదు, అన్నాడు, దానికి, అంటే నాకు, రబ్బీ విననట్టే నావైపు చూస్తున్నారు, ఉందండీ అన్నాను, స్నానమందిరానికి వచ్చేవాళ్లందరూ జోజో అంటారు, జోజో పిన్నీ అంటారు, అనేసరికి ఎడమవైపు ముసలి రబ్బీ గడ్డం నిమురుకుంటూ ఎంతమంది అంటారు అన్నారు, ఎంతమందని చెప్పను, ఏడాది పొడుగునా వచ్చే పెళ్లికూతుళ్లు, వాళ్ల తల్లులు, మేనత్తలు, బయట బల్ల మీద కూర్చుని పుదీనా టీ తాగుతూ కబుర్లు చెప్పే ముసలమ్మలు, నా పక్కన కూర్చున్న బత్యా, ఈ న్యాయస్థానంలో ఆడవాళ్ల తరఫున మాట్లాడే మనిషి, తొమ్మిదేళ్లుగా నా ఫైలు చంకలో పెట్టుకుని తిరుగుతున్న మనిషి, గభాల్న లేచి, అయ్యా నా పెళ్లికి నన్ను ముంచింది కూడా ఈ అక్కే, నేనూ జోజో అనే అంటాను, రాసుకోండి, అంది, నిస్సిం నవ్వాడు, జోజో ఎవరండీ, ఆవిడెవరో నాకు తెలీదు, అన్నాడు, ముసలి రబ్బీ అతనివైపు తిరగకుండానే, యెరూషలేములో సగం మందికి తెలిసిన పేరు మొగుడికి తెలీదంటే తప్పు పేరుది కాదు నాయనా, అన్నారు, ఇక ఆ ముగ్గురు పండితులూ పావుగంట సేపు, గ్రంథాల్లో వేళ్లు పెట్టుకుని మరీ, జోజో అన్న మాటను ఎన్ని అక్షరాలతో రాయాలో వాదించుకున్నారు, నాకు నవ్వొచ్చింది, బత్యా నా మోకాలు గిల్లింది, నవ్వకక్కా, కొంప మునుగుతుంది, అంది, నేను మునకల మనిషినే బత్యా, అన్నాను చెవిలో, ఇద్దరం తలలు వంచుకుని సమాజమందిరంలో ఆడవాళ్ల తెరల వెనక నవ్వుకునే పిల్లల్లా ఊగిపోయాం, ఎన్నాళ్లయింది ఈ భవనంలో నేను నవ్వి, అసలు ఎప్పుడైనా నవ్వానా.

పెళ్లిరోజు కూడా నవ్వలేదు, భయం, పొద్దున్నుంచీ ఉపవాసం, మా ఆచారంలో వధూవరులు పందిరి కిందికి వచ్చేదాకా నీళ్లయినా తాగరు, అమ్మ చేతిసంచిలో చక్కెర బిళ్ల దాచి తెచ్చింది, కళ్లు తిరిగితే నోట్లో వేసుకోవే అని, నాలుగు కర్రలకు కట్టిన గుడ్డపందిరి కింద నిస్సిం నా కుడిచేతి చూపుడువేలికి ఉంగరం తొడిగి, ఇదిగో ఈ ఉంగరంతో నువ్వు నాకు ప్రతిష్ఠితమయ్యావు అన్నాడు, ఇద్దరు సాక్షులు తలలూపారు, ఒప్పంద పత్రం చదివారు, పాతకాలపు భాషలో, నిన్ను గౌరవిస్తాను, పోషిస్తాను, ఇశ్రాయేలు మగవాళ్లు తమ భార్యలను చూసుకున్నట్టు చూసుకుంటాను అని అతను పూచీ పడ్డ పత్రం, ఏడు దీవెనలు అయ్యాయి, ఏనాడో కూలిపోయిన యెరూషలేము దేవాలయాన్ని ఆనందంలో కూడా మరవకూడదని గాజుగ్లాసు కాలికింద వేసి తొక్కాడు, ఫెళ్లున పగిలింది, అందరూ మజల్ తోవ్, శుభం, శుభం, అని అరిచారు, అంత తతంగంలో నా నోటినుంచి ఒక్క మాట రాలేదు, రానక్కర్లేదు, ఆడపిల్ల వేలు చాపితే చాలు, అదే ఒప్పుకోలు, నాకప్పుడు ఇరవై రెండేళ్లు, మాట్లాడే పని లేకపోవటం హాయిగానే అనిపించింది, తర్వాత తెలిసింది, ఆ ఇంట్లో నేను మాట్లాడాల్సిన మాట ఒకటుందని, ఒకే ఒక్కటి, తప్పయింది.

తప్పయింది నిస్సిం అనాలి, చేతిరుమాలు మడత తప్పుగా పెడితే అనాలి, పులుసులో ఉప్పు తగ్గితే అనాలి, మెట్ల దగ్గర పక్కింటావిడతో పెద్దగా నవ్వితే అనాలి, చెయ్యి ఎత్తేవాడు కాదు, గొంతు కూడా ఎత్తేవాడు కాదు, శుక్రవారం సాయంత్రం బల్ల మీద దీపాలు వెలుగుతుంటే ద్రాక్షారసం గిన్నె చేతిలో పట్టుకుని, దీవెన చెప్పకుండా, ఊరికే నిలబడేవాడు, నేను ఆ మాట అనేదాకా, చేపలు చల్లారిపోయేవి, మా పాప లియోర్ కుర్చీలో కునికిపాట్లు పడేది, నేను దేనికి అంటున్నానో తెలియకుండానే తప్పయింది అనేదాన్ని, అప్పుడు గిన్నె ఎత్తి ఎంత మధురంగా పాడేవాడో, తొమ్మిదేళ్లు, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఏడేళ్ల లియోర్ తన బొమ్మను గోడకు ఆనించి నిలబెట్టి, వేలు చూపిస్తూ, అను, తప్పయిందను, అంటోంది, గుమ్మంలోంచి చూశాను, పొయ్యి మీద కుండ అలాగే వదిలేశాను, విశ్రాంతిదినం మొదలైందని చెప్పే సైరన్ కూత ఊరంతా వినపడకముందే పిల్ల చెయ్యి పట్టుకుని మా కతమోన్ పేట మెట్లన్నీ దిగి అమ్మ ఇంటికి వెళ్లిపోయాను, దీపాలు అక్కడే వెలిగించాను, అంతే, తిరిగి వెళ్లలేదు, పరిత్యాగ పత్రం అడిగితే అతను ఇవ్వనన్నాడు, ఎందుకివ్వను, నా భార్యే గదా, అడగాల్సినట్టు అడిగితే ఆలోచిస్తా, అన్నాడు.

అదే ఇవాళ కూడా అన్నాడు, ఇందాక, ఈ గదిలో, ఇంత దూరం వచ్చాక, పేర్లు తేలాక, సాక్షులిద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నాక, నీ ఇష్టపూర్తిగానే ఇస్తున్నావా నాయనా, ఎవరి బలవంతమూ లేదు కదా, అని నడిమి రబ్బీ అడిగితే, ఇష్టమేనండీ, కాకపోతే ఒక్క మాట, దాన్ని తప్పయిందని అనమనండి, అంతే, అన్నాడు, నా చెవుల్లో ద్రాక్షారసం గిన్నె అంచు బల్లకు తగిలిన చప్పుడు, షరతు పెడితే అది పరిత్యాగం కాదయ్యా అన్నారు రబ్బీ, షరతు కాదండీ, మర్యాద, అన్నాడు, బత్యా నా చెవిలో, అక్కా అనెయ్యి, నీ సొమ్మేం పోయింది, గాలికి పోయే మాట, ఎల్లుండి నీ కూతురు పెళ్లి, రెండు నిమిషాల్లో నువ్వు బయటపడతావు, నా తల్లివి కదూ, అంటోంది, బత్యా చెయ్యి నా మోకాలి మీద ఉంది, నా కోసం తొమ్మిదేళ్లు పోట్లాడిన చెయ్యి, దాని మాట కొట్టేయటం ఎంత కష్టమో, నిజమే, గాలికి పోయే మాటే, అలాంటివి వేలకొద్దీ అన్నాను, ఇంకొక్కటి అంటే ఏమవుతుంది, అయితే నా నాలుక పళ్ల వెనక రాయిలా పడుకుంది, కదలనంది, నిన్న సాయంత్రం లియోర్ నీళ్లలోంచి పైకి లేచినప్పుడు, తడిజుట్టు ముఖం మీంచి తోసుకుని, మెట్ల మీద నిలబడ్డ నన్ను చూసి, నా కూతుర్ని నేనే ముంచాను, మూడు మునకలకీ మూడుసార్లు కాషెర్, శుద్ధం, శుద్ధం, శుద్ధం, అని నా గొంతుతోనే అరిచాను, గోరింటాకు చేతుల్తో నన్ను తడితడిగానే వాటేసుకుని, అమ్మా రేపు ఆయన ఏదో ఒకటి అడుగుతాడు, చూడు, నా పెళ్లి పేరు చెప్పి మాత్రం ఇచ్చెయ్యకు, నా మీదొట్టు, అంది, ఇరవై ఏళ్ల పిల్ల, ఆయన్ని ఇక్కడిదాకా లాక్కొచ్చింది కూడా అదే, వంటింటి బల్ల మీద ఫోను పెట్టి, నేను వింటుండగా, నాన్నా, ఒప్పంద పత్రంలో నిస్సిం కూతురు లియోర్ అని ఎలాగూ చదువుతారు, అది నేను ఆపలేను, పేరు వస్తుంది, మనిషి మాత్రం రావద్దు, అమ్మకి కాగితం ఇస్తే పందిరి కింద చోటుంది, లేకపోతే లేదు, అని పెట్టేసింది, న్యాయస్థానం ఆజ్ఞ ప్రకారం సమాజమందిరంలో నాలుగేళ్లుగా అతన్ని ప్రార్థనకు తప్పనిసరైన పదిమంది మగవాళ్ల లెక్కలో వేయటం లేదు, తోరా గ్రంథం చదవటానికి పిలవటం లేదు, ఒకసారి తొమ్మిదిమందే ఉండి అతను గుమ్మంలో నిలబడితే, అతన్ని దాటుకుని వీధిలోకి వెళ్లి పుచ్చకాయలు అమ్మేవాణ్ణి పదోవాడిగా లాక్కొచ్చారట, అప్పుడూ దిగిరాలేదు, కూతురి పందిరి కింద చోటు లేదనగానే వచ్చాడు, వచ్చి, ఇదిగో, ఆ ఒక్క మాట అడుగుతున్నాడు.

అనను, అన్నాను.

ఎవరన్నారో అని నేనే చుట్టూ చూశాను, అంత మామూలుగా వచ్చింది, గట్టిగా కూడా కాదు, టీ వద్దు అన్నట్టు, బత్యా కళ్లు మూసుకుంది, నిస్సిం తలుపువైపు ఒక అడుగు వేశాడు, అయిపోయింది, ఎల్లుండి పిల్ల పందిరి కింద నేను లంగరుతోనే నిలబడతాను, నిలబడతాను, ఏం, అనుకుంటున్నాను, అప్పుడు వెనక బెంచీ మీంచి కర్ర నేలకు తగిలిన చప్పుడు, మా మామగారు మఖ్లూఫ్, ఎనభై నాలుగేళ్ల మనిషి, కొడుకు వెంట వచ్చి మూల కూర్చున్నాడు, పొద్దుటినుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు, టోపీ సర్దుకుని లేచి, ఒరే నిస్సిం ఇటు రారా, అన్నాడు, నాన్నా నువ్వు కూర్చో, అన్నాడితను, కూర్చునే రోజులే ముందున్నాయిరా నాకు, కూర్చునీ పడుకునీ, రేపో మాపో నేను పోతే నా మట్టి దగ్గర కద్దిష్ ప్రార్థన చెప్పాల్సినవాడివి నువ్వు, అవునా, అవును నాన్నా, చెప్పొద్దు, అన్నాడు ముసలాయన, ఈ అమ్మాయికి ఇవ్వాల్సింది ఇవ్వని నోరు నా మీద ప్రార్థన చెప్పక్కర్లేదు, మన వీధి చెప్పులు కుట్టేవాడి కొడుక్కి మంచి గొంతుంది, వాడితో చెప్పించుకుంటా, ఆ మాట ఇక్కడే ఈ పెద్దల ముందు చెప్పి పోతున్నా, నీ ఇష్టం నీది, నా చావు నాది, అని నావైపు తిరిగి, అమ్మాయ్, మీ అత్త కూడా నాకు నలభై ఏళ్లు తప్పయింది తప్పయింది అనే చెప్పింది, నేను అనిపించుకున్నాను, వీడు నా దగ్గరే నేర్చుకున్నాడు, అన్నాడు, అని కూర్చోలేదు, కర్ర మీద అలాగే ఊగుతూ నిలబడ్డాడు, నాకు లేచి పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేదు, నిస్సిం తండ్రి ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, గోరు నోటి దాకా వెళ్లి ఆగింది, సరేనండీ, షరతేం లేదు, ఇష్టంతోనే ఇస్తున్నా, అన్నాడు, మళ్లీ చెప్పు అన్నారు రబ్బీ, ఇష్టంతోనే ఇస్తున్నా, ఇంకొకసారి, మూడోసారి చెప్పాడు.

లేఖకుడు తన ఈకకలం, సిరా, తోలుకాగితం అతని చేతికి ఇచ్చి, ఇవి నీకు ఇచ్చేశాను, నీవే, అన్నాడు, అతను ఎత్తి పట్టుకుని తిరిగి ఇస్తూ, నా కోసం, నా భార్య జోహారా కోసం, అని ఆగాడు, రబ్బీ కనుబొమ్మలెత్తారు, జోజో అని పిలువబడే జోహారా కోసం, అన్నాడు, ఆ పేరు అతని నోట్లో కొత్త చెప్పులా కరిచి ఉంటుంది, పత్రం రాయి, అన్నాడు, అచ్చు వేసిన ఫారాలు ఉండవు దీనికి, ఈ మగవాడి కోసం ఈ ఆడదాని కోసం ఇవాళే మొదటి అక్షరం నుంచి రాయాలి, సరిగ్గా పన్నెండు వరుసలు, గీతలు గీసి, ఏ అక్షరమూ ఇంకోదాన్ని తాకకుండా, ఒకటి చెరిగినా మళ్లీ మొదటికి, గంటన్నర, బయట నడవాలో స్నానమందిరం ఆడవాళ్లు పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ కాపలా కూర్చున్నారు, అరనిమిషానికొకసారి తలుపు సందులోంచి ఒక కన్ను, నేను కదల్లేదు, ఈక గీసుకుంటున్న చప్పుడు వింటూ కూర్చున్నాను, పాతభాషలో ఈ ఊరిని కూడా దాని నీళ్లతో గుర్తు చెప్పి రాస్తారు, సిలోయము ఊట మీదా బావుల నీళ్ల మీదా వెలసిన యెరూషలేము అని, ఎంత బాగుంది, మనిషిని విడిపించటానికి ముందు ఊరి నీళ్లను సాక్షికి పిలవటం, పిల్లల్ని నీళ్లలో ముంచి పెళ్లికి పంపే నాకు ఆ వరుస ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్లూ, సిరా ఆరింది, సాక్షులు సంతకాలు చేశారు, చదివారు, ప్రతి పేరూ వేలు పెట్టి చదివారు, జోజో దగ్గర ముసలి రబ్బీ మీసాల్లో నవ్వారు, తర్వాత నన్ను లేవమన్నారు.

ఉంగరాలేవన్నా ఉంటే తియ్యమ్మా, లేవండీ, ముసుగు వెనక్కి జరుపు, దోసిలి పట్టు, వేళ్లు కలిపి, అలా, కాగితం పడేదాకా కదలకు, అందుకోటానికి ముందుకు రాకు, అతను ఇవ్వాలి, నువ్వు పుచ్చుకోవాలి, లాక్కోకూడదు, నిస్సిం ఎదురుగా వచ్చాడు, ఇంత దగ్గరగా పదమూడేళ్ల తర్వాత, కళ్ల కింద సంచులు, చెవి దగ్గర తెల్లవెంట్రుకలు, పాపం ముసలివాడయ్యాడు అనుకున్నాను, ఆ పాపం అన్న మాట నాలో ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలీదు, కోపం కోసం వెతుక్కున్నాను, దొరకలేదు, రబ్బీ ఒక్కొక్క మాటే చెబుతుంటే అతను అప్పజెప్పాడు, ఇదిగో నీ పరిత్యాగ పత్రం, పుచ్చుకో, దీనితో ఇప్పటినుంచి నువ్వు నా నుంచి విడిపోయావు, ఏ మగవాడికైనా నువ్వు అనుమతమైనదానివి, అతని వేళ్లు విడివడ్డాయి, మడతపెట్టిన తోలుకాగితం నా దోసిట్లో పడింది, పిట్ట వాలినంత బరువు, అంతే, అంత తేలిక, ఇంత తేలికైనదాన్ని ఇన్నేళ్లు ఎలా మోశావు నిస్సిం, చేతులు ముయ్యి అన్నారు రబ్బీ, మూశాను, పైకెత్తు, ఎత్తాను, చంకలో పెట్టుకుని తలుపు దాకా నడిచి రామ్మా, అది నీదైనట్టు తెలియాలి, నువ్వు నడిస్తేనే పూర్తి.

నడిచాను, ఈ నేల రాళ్లు చల్లగా ఉన్నాయని చెప్పుల్లోంచి కూడా తెలిసింది, బత్యా ఏడుస్తోంది, ముక్కు చీదుకుంటూ నవ్వుతోంది, మఖ్లూఫ్ మామయ్య ఇంకా నిలబడే ఉన్నాడు, నేను పక్కనుంచి వెళ్తుంటే కర్ర ఎడమచేతికి మార్చుకుని కుడిచెయ్యి నా తల మీద పెట్టాడు, తలుపు దగ్గరికి వచ్చాను, అవతల కన్ను ఇక ఆగలేక తోసేసినట్టుంది, తలుపు బార్లా తెరుచుకుంది, గింజలపొట్టు ఒళ్లోంచి దులుపుకుంటూ లేచారు ఆడవాళ్లు, నా చంకలో తెల్లటి మడత చూశారు, ఇక అరుపులు, నాలుక ఆడించి గొంతులోంచి తీసే ఆ పెళ్లి కేకలు, మా నాయనమ్మలు మొరాకోలో గోరింటాకు రోజుల్లో తీసిన కేకలు, నడవా అంతా, మెట్లన్నీ, కింద గుమాస్తాలు కుర్చీల్లోంచి లేచేటట్టు, ఎవరో బాదంమిఠాయి విసిరారు, నా చెంపకు తగిలింది, అమ్మా నిశ్శబ్దం, నిశ్శబ్దం, ఇది న్యాయస్థానం, అంటున్నారు నడిమి రబ్బీ, గొంతులో కోపం లేదు, వెనక్కి రా తల్లీ, కాగితం ఇటివ్వు, కొన చింపి మా దగ్గర ఉంచుతాం, నీకు వేరే ధ్రువపత్రం ఇస్తాం, ఇంకో పెళ్లి చేసుకోవాలంటే మాత్రం తొంభై రెండు రోజులు ఆగాలి, గుర్తుంచుకో, అంటున్నారు, వెనకనుంచి బత్యా, మా బాబాయి కొడుకు ఒకడున్నాడక్కా, భార్య పోయింది, పళ్లన్నీ సొంతవే, తొంభై మూడో రోజు పంపిస్తా, అంటోంది, అందరూ నవ్వుతున్నారు, నేను తలుపులో నిలబడి ఇటు తిరిగాను, నిస్సిం అక్కడే ఉన్నాడు, ఖాళీ చేతులు ఏం చేయాలో తెలియనట్టు ముందుకే చాపి, నావైపు చూస్తున్నాడు, ఒక మాట కోసం చూస్తున్నాడు, ఇంకా, కనీసం దయ చేశావని అంటానేమోనని, పదమూడేళ్లు నేను ఈయన చేతివైపు ఎదురుచూస్తూ కూర్చున్నానని ఊరంతా జాలిపడింది, నేనూ అలాగే అనుకున్నాను, రాత్రులు అలాగే ఏడ్చాను, తాళంచెవి అక్కడుందని, అది రావాలని, అయితే ఇందాక ఆ ఒక్క మాట నా నాలుక మీద రాయిలా పడుకున్నప్పుడు అది ఇవాళ పుట్టిన రాయి కాదు, కుండ పొయ్యి మీద వదిలేసిన శుక్రవారం నుంచీ అక్కడే ఉంది, పెళ్లినాడు ఊరకే వేలు చాపిన పిల్ల ఏనాడో లేదు, ఈ గదిలోకి పొద్దున్న వచ్చిందీ, ఇప్పుడు కాగితం చంకన పెట్టుకుని తన కాళ్ల మీద తిరిగి నడుస్తున్నదీ ఒకే ఆడది, అడుగు తర్వాత అడుగు బల్లవైపు వస్తుంటే నాకు తేటగా తెలిసింది, నేను ఇన్నేళ్లూ ఎదురుచూడలేదు, ఎదురు నిలిచాను.